ట్రెంట్-సెవర్న్ కాలువల నుంచి జార్జియన్ బే దీవుల దాకా: తెరచాప పడవకు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

కెనడాలోని ఒంటారియోలో ట్రెంట్-సెవర్న్ జలమార్గం పొడవు 386 కిలోమీటర్లు. ట్రెంటన్‌లో మొదలై నదులు, సరస్సులు, తవ్విన కాలువలు, లాకులు (పడవను పైకెత్తే, కిందికి దించే నీటి గదులు) దాటుకుంటూ పోర్ట్ సెవర్న్ దగ్గర జార్జియన్ బేలో కలుస్తుంది. అక్కడి నుంచి గులాబీ రంగు గ్రానైట్ దీవులు, ఊళ్లు అరుదైన తీరం. కాలువల్లో ఉన్నంతసేపూ మీది మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) మోసుకెళ్లే చిన్న ఇంజిన్ పడవే. అలా అనుకుని బయల్దేరితే కింద చెప్పినవాటిలో సగం టెన్షన్ ముందే తప్పుతుంది.

రేడియోలో ఏమీ వినిపించడం లేదు

దారిలోని స్థిర వంతెనల కింద ఎత్తు 6.7 మీటర్లే. కాబట్టి బయల్దేరే ముందే మాస్ట్ దించి డెక్ మీద పడుకోబెట్టాలి. చాలా పడవల్లో వీహెచ్ఎఫ్ (పడవల్లో వాడే రేడియో) యాంటెన్నా మాస్ట్ కొనన ఉంటుంది. మాస్ట్ దించేటప్పుడు దాని కేబుల్ ఊడదీస్తారు, రేడియో అక్కడితో మూగబోతుంది. యాంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ నొక్కితే సెట్టే పాడవ్వొచ్చు. వెనుక కమ్మీకి బిగించే చిన్న యాంటెన్నా గానీ, చేతిలో పట్టుకునే రేడియో గానీ ముందే సిద్ధం చేసుకోండి.

పడుకోబెట్టిన మాస్ట్ కిర్రుమంటోందంటే కింద దన్ను ఉంది గానీ పక్కలకు కట్టు లేదని అర్థం. దారిలో వచ్చే సిమ్‌కో సరస్సులో గాలి లేస్తే పొట్టిగా, నిటారుగా అలలు వస్తాయి. అది దాటకముందే మాస్ట్‌ను రెండు పక్కలకూ ఏటవాలుగా లాగి కట్టండి. గాలి తగ్గేదాకా ఒక పూట ఆగడం ఇంకా మంచిది.

ఇంజిన్ వేడెక్కుతోంది

ఈ దారిలో అందరికీ ఎదురయ్యేది ఇదే. టెంపరేచర్ ముల్లు కదలకముందే ఎగ్జాస్ట్ చప్పుడు మారుతుంది. నీళ్లతో కలిసి వచ్చే తడి శబ్దం పోయి, పొడిగా, బోలుగా వినిపిస్తుంది. వెనక్కి వంగి చూస్తే నీళ్లు తక్కువగా, ఆవిరి ఎక్కువగా కనిపిస్తుంది. అలారం మోగేదాకా ఆగకండి.

కారణం దాదాపు ఎప్పుడూ నాచే. ఈ దారిలోని కవార్తా సరస్సుల్లో యురేషియన్ మిల్‌ఫాయిల్ అనే తీగ నాచు ఎండలు ముదిరేకొద్దీ దట్టమవుతుంది. పడవల ప్రొపెల్లర్లు దాన్ని తెంపితే ముక్కలు నీటిలో తేలుతూ, ఇంజిన్‌ను చల్లబరచడానికి లోపలికి లాగే నీటితోపాటు వచ్చేస్తాయి.

ఇంజిన్ ఆపి, లంగరు వేసి, పడవ అడుగున ఉన్న నీటి వాల్వ్ మూయండి. స్ట్రైనర్ (లోపలికి వచ్చే నీటిని వడకట్టే జల్లెడ) తెరిచి శుభ్రం చేయండి. చాలాసార్లు కథ ఇక్కడితో ముగుస్తుంది. స్ట్రైనర్ ఖాళీగానే ఉంటే, వాల్వ్ పైనున్న గొట్టం ఊడదీసి, వాల్వ్ మీద చెయ్యి ఉంచి కొద్దిగా తెరవండి. నీళ్లు ఎగదన్నకపోతే అడ్డు పడవ అడుగు రంధ్రంలోనే ఉంది. ఆ గొట్టంలోంచి రబ్బరు పడవకు గాలి కొట్టే పంపుతో ఊదితే నాచు కిందికి పోతుంది. నీళ్లు బాగా వస్తుంటే ఇంపెల్లర్ (నీటిని ఇంజిన్‌లోకి తోసే రబ్బరు రెక్కల చక్రం) చూడండి. దాని రెక్కలు విరిగి ఉంటే కొత్తది వేసినంత మాత్రాన సరిపోదు. విరిగిన ముక్కలు ముందుకు వెళ్లి, ఇంజిన్ వేడిని నీటికి వదిలే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇరుక్కుంటాయి, వాటిని లెక్కపెట్టి మరీ తీయాలి.

ఇంజిన్ చల్లగానే ఉండి, పడవ మాత్రం అదురుతూ నెమ్మదిగా కదులుతుంటే నాచు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. న్యూట్రల్‌లోకి తెచ్చి, కాసేపు రివర్స్‌లో తిప్పితే తరచుగా విడిపోతుంది. కత్తితో నీళ్లలోకి దిగాల్సి వస్తే తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

లాకులో పడవ అడ్డం తిరుగుతోంది

ముందు తాడు మాత్రమే పట్టుకుని, వెనుక తాడు ఆలస్యం చేయడం వల్ల. వెనుక నుంచి గాలి ఉంటే ముందుగా వెనుక తాడునే గోడకు వేలాడే కేబుల్ చుట్టూ తిప్పండి. తాడును ఎక్కడా ముడి వేయకండి, నీరు పెరుగుతున్నా తగ్గుతున్నా అది జారుతూ ఉండాలి. డెక్ దాటి బయటికి పొడుచుకొచ్చిన మాస్ట్ కొనల మీద ఒకరు కన్నేసి ఉంచాలి. 1904లో తెరిచిన పీటర్‌బరో లిఫ్ట్ లాకును చూసి చాలామంది భయపడతారు గానీ, అక్కడ పడవ నీటి తొట్టితో సహా 20 మీటర్ల దాకా పైకి లేస్తుంది, నీటి సుడులే ఉండవు. అన్నిటికంటే హాయిగా ఉండే లాకు అదే.

బిగ్ ష్యూట్‌లో పడవను రైలు పెట్టెలాంటి బండి మీద కొండ దాటిస్తారు. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) లోతు, ఆకారం సిబ్బందికి ముందే చెప్పండి. అడిగేదాకా ఆగితే మళ్లీ సర్దడానికి టైం పడుతుంది.

ఎర్ర బోయ (దారి చూపే తేలియాడే గుర్తు) కుడివైపే ఉంది, అయినా అడుగు రాసుకుంటోంది

బహుశా మీరు కిర్క్‌ఫీల్డ్ దాటారు. సముద్ర మట్టానికి 256 మీటర్ల ఎత్తున ఉన్న బాల్సం సరస్సు ఈ దారికి శిఖరం. అక్కడిదాకా మీరు ఎగువకు వెళ్తున్నారు, ఎర్ర బోయలు కుడివైపు ఉంటాయి. కిర్క్‌ఫీల్డ్ లిఫ్ట్ లాకు తర్వాత దిగువకు వెళ్తారు కాబట్టి ఎర్రవి ఎడమకు మారతాయి. చుక్కాని పట్టే మనిషి మారినప్పుడల్లా ఈ మాట గట్టిగా చెప్పుకోండి.

లంగరు పట్టడం లేదు

మాస్ట్ మళ్లీ నిలబెట్టి బస్టర్డ్ దీవులకో, బెంజమిన్ దీవులకో చేరాక మొదలయ్యే చిక్కు ఇది. లంగరు పైకి తీసి చూడండి. నాచు ముద్దతో వస్తే అది మట్టిని తాకనే లేదు. డాన్‌ఫోర్త్ లాంటి తేలికైన బల్లపరుపు లంగర్లకు ఈ బాధ ఎక్కువ. నాచు దులిపి, నీటి అడుగు లేత రంగులో కనిపించే ఇసుక జాగా వెతికి అక్కడ వేయండి. శుభ్రంగా, గీతలు పడి వస్తే అడుగున రాతి పలక ఉంది, అక్కడ ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. బురదతో వస్తే జాగా మంచిదే, తాడే చాలలేదు. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి కనీసం 5 రెట్లు, గాలి ఉంటే 7 రెట్లు వదలండి.

ఇరుకు జాగాల్లో అంత తాడు వదిలితే పడవ తిరిగి రాళ్లకు తగులుతుంది. అందుకే ముందు లంగరు వేసి, వెనుక నుంచి ఒడ్డున ఉన్న బలమైన చెట్టుకు గానీ, బండకు గానీ తాడు కట్టడం ఇక్కడ మామూలు. నైరుతి గాలిని చూసుకుని అలా కట్టి నిద్రపోతే, రాత్రి చల్లగాలి వచ్చి దిక్కు వాయవ్యానికి మారొచ్చు. పడుకునే ముందు వాతావరణ సూచన వినకుండా ఏ కట్టునూ నమ్మకండి.

చార్టులో ఉన్నంత లోతు లేదు

హ్యూరన్ సరస్సు చార్టుల్లో లోతులు సముద్ర మట్టానికి 176.0 మీటర్ల ఎత్తున ఉన్న నీటిమట్టం నుంచి కొలిచినవి. అసలు నీటిమట్టం ఏటేటా మారుతుంది. 2013 జనవరిలో అది 175.57 మీటర్ల దాకా దిగింది. మీరు వెళ్లే రోజు మట్టం చూసి తేడాను చార్టు లోతుకు కలపండి లేదా తీసేయండి. లోతులు అడుగుల్లో ఉన్నాయో, ఫాదమ్‌లలో (ఒక ఫాదమ్ ఆరు అడుగులు) ఉన్నాయో, మీటర్లలో ఉన్నాయో ప్రతి చార్టులోనూ చూడండి.

ఈదుతుంటే ఒళ్లు జివ్వుమంటోంది

కరెంటు ఉన్న రేవు దగ్గర ఇలా అనిపిస్తే వెంటనే రేవుకు దూరంగా ఈదండి, ఇనుప నిచ్చెన పట్టుకోకండి. ఏదో పడవ నుంచి నీటిలోకి కరెంటు లీకవుతోంది. మంచినీటి కంటే మనిషి ఒళ్లు మంచి వాహకం కాబట్టి అది ఒంట్లోంచి పోతుంది. ఒడ్డున ఉన్నవాళ్లు ముందు కరెంటు ఆపాలి, కాపాడడానికి దూకకూడదు. అలాంటి రేవుల దగ్గర ఈదకపోవడమే అసలు పరిష్కారం.

లిటిల్ కరెంట్ వంతెన తెరుచుకోవడం లేదు

మానిటూలిన్ దీవికి వెళ్లే ఈ తిరిగే వంతెన వేసవిలో పగటిపూట గంటకోసారి తెరుస్తారు. గంట కొట్టడానికి కొంచెం ముందే చేరండి. గాలిని బట్టి అక్కడి ప్రవాహం ఎటైనా ఉండొచ్చు. అది మిమ్మల్ని వంతెన మీదికి తోసే దిక్కులో ఉంటే బాగా వెనకే ఆగి, ఇంజిన్ నడుస్తుండగానే వేచి ఉండండి.