అగాధ సముద్రపు బురద ప్రవాహాన్ని గాజుతొట్టిలో చూడడం ఎలా?

విజయవాడలో ఇంట్లో కూర్చుని, కిలోమీటర్ల లోతున సముద్రపు నేలనంటి సాగే ప్రవాహాల తీరును పరిశీలించడానికి రెండడుగుల గాజుతొట్టి, టార్చిలైటు, దోసెడు ఒండ్రుమట్టి సరిపోతాయి. వేసవిలో బందరు కాలువకు నీళ్లు కట్టేసినప్పుడు గట్టు వారన పెచ్చులుగా ఎండిన మట్టి ఇందుకు శ్రేష్ఠం; దానిని నానబెట్టి, పలుచని బట్టలో వడకట్టి, ఇసుకను వదిలివేయాలి.

తొట్టికి ఒకవైపు కింద ఇటుక ముక్క పెట్టి, నీటితో నింపి, అరగంటసేపు కదపకుండా ఉంచాలి. రెండు చెంచాల మట్టి కలిపిన గ్లాసెడు నీటిని ఎత్తుగా ఉన్న వైపు గోడకు ఆనించి, ఆపకుండా వంపాలి. రెండు నీళ్లూ ఒకే వేడిమిలో ఉండడం ముఖ్యం. మా ఊరి ఎండలకు పైట్యాంకు నీళ్లు దాదాపు కాగినట్లే వస్తాయి కనుక, వాటితో పలుచగా కలిపిన బురద అడుగుకు దిగకుండా పైనే తేలిపోయే ప్రమాదం ఉంది. ముందురోజు రాత్రే నీళ్లు పట్టి ఉంచుకోవడం మేలు.

పక్కనుంచి దీపం వేస్తే, ఉబ్బిన తలతో ఒక మేఘం నేలనంటి పాకుతూ కనిపిస్తుంది. మట్టి కలిసి చుట్టూ ఉన్న నీటికన్నా బరువెక్కడమే ఆ పరుగుకు కారణం. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణాన భూకంపం వచ్చినప్పుడు, సముద్రగర్భంలోని టెలిగ్రాఫు కేబుళ్లు వాలు దిగేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటిగా తెగడానికి ఇటువంటి ప్రవాహమే కారణమని 1952లో సముద్ర శాస్త్రవేత్తలు హీజెన్, యూయింగ్ వివరించారు.

మేఘం ఆగాక అడుగున మసక పొర మిగులుతుంది, దానిని కదిలించకూడదు. రెండు మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) బంకమట్టి రేణువు నిశ్చలమైన నీటిలో రోజంతా దిగినా సుమారు 30 సెంటీమీటర్లే దిగుతుంది.

మట్టి పేరుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. వెడల్పాటి గరిటెను నేలకు అంగుళం పైన మెల్లగా లాగితే మట్టి కదలదు. వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దశలో ఉన్నట్లుండి పొగలా లేస్తుంది. నాలుగు రోజులు కదపకుండా ఉంచిన మట్టి అంత సులభంగా లేవదు. కెనడాలోని నోవా స్కోషియా తీరానికి ఆవల సుమారు 4,800 మీటర్ల లోతున 1980లలో సముద్రపు అడుగు ప్రవాహాలపై జరిగిన ‘హెబుల్’ అనే పరిశోధనలో, ప్రవాహవేగం సెకనుకు 20 సెంటీమీటర్లు దాటిన ‘అడుగు తుఫానులు’ రోజుల తరబడి బురదను లేపడం నమోదైంది.

చివరిగా, లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో, లీటరుకు చెంచాడు మట్టి మాత్రమే ఉన్న మంచినీటి బురదను వంపి చూడాలి. కృష్ణమ్మ వరదనీరు సముద్రంలో కలిసేచోట జరిగినట్లే అది పైన తేలుతుంది. కాసేపటికి ఆ మట్టిరంగు పొర కిందనుంచి, ఉప్పు వల్ల ఒకదానికొకటి అంటుకున్న రేణువులు నూకల్లా రాలడం మొదలవుతుంది.