బ్రాయిలర్ షెడ్డులో ప్రోబయోటిక్ ఎప్పుడు ఇవ్వాలి, ఏ నీళ్లలో కలపాలి

మాది షాద్‌నగర్ వైపు 5000 కోళ్ల షెడ్డు, కంపెనీ ఇంటిగ్రేషన్‌లో, అంటే పిల్లలు, మేత కంపెనీ ఇస్తే మేం పెంచి ఇస్తాం. మొదటిసారి ప్రోబయోటిక్ పౌడర్ (పేగుకి మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా) వాడినప్పుడు నాకు ఏ తేడా కనపడలేదు, డబ్బులు దండగ అనుకున్నా. తర్వాత అర్థమైంది తప్పు పౌడర్‌ది కాదు, మేం రోజూ ట్యాంకులో బ్లీచింగ్ వేస్తాం, ఆ నీళ్లలోనే దీన్ని కలిపేశా. బ్లీచింగ్ ఉన్నదే బ్యాక్టీరియాని చంపడానికి కదా, చెడ్డదాన్ని చంపి మంచిదాన్ని వదిలేయదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు అసలు ఎందుకు ఇవ్వాలో చూద్దాం. నాటుకోడి పిల్ల పుట్టగానే తల్లి వెంట తిరుగుతది, తల్లి గీకిన చోటే గీకుతది, తల్లి రెట్టలో ఉన్న మంచి బ్యాక్టీరియా కొంచెం కొంచెంగా దాని పేగులోకి పోతది. మన బ్రాయిలర్ పిల్ల హ్యాచరీలో మిషన్‌లో పుట్టి బాక్సులో వచ్చేస్తది, తల్లిని చూడనే చూడదు, పేగు దాదాపు ఖాళీ. ఆ ఖాళీలో ముందు ఎవరు దిగితే వాళ్లదే జాగా, జబ్బు చేసే ఈ-కోలై దిగిందా సాల్మొనెల్లా దిగిందా ఇక తర్వాత మనం ఎంత మందు పోసినా తిప్పలే. 1973లోనే ఫిన్లాండ్‌లో నుర్మి అనే ఆయన పెద్దకోళ్ల పేగులోని బ్యాక్టీరియాని చిన్నపిల్లలకి పట్టించి సాల్మొనెల్లాని అడ్డుకోవచ్చని చూపించాడు.

కాబట్టి మొదటి డోసు పిల్లలు దిగిన రోజే, మొదటి నీళ్లలోనే పడాలి. ముందు రోజు సాయంత్రం శుభ్రమైన డ్రమ్ములో బ్లీచింగ్ వేయని బోరు నీళ్లు పట్టి పెట్టుకోండి. కుళాయి నీళ్లే గతి అయితే మూత తీసి రాత్రంతా వదిలేస్తే క్లోరిన్ చాలావరకు పోతది, పొద్దున లీటరుకి 2 గ్రాముల చొప్పున వెన్న తీసిన పాలపొడి కలిపితే మిగిలింది కూడా కట్టుబడతది, కొక్కెర తెగులుకి నీళ్లలో ఇచ్చే లసోటా వ్యాక్సిన్‌కి చేస్తాం కదా అదే పద్ధతి. వేడినీళ్లు వద్దు. పౌడర్ ముందు ఒక మగ్గు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి అప్పుడు డ్రమ్ములో పోయాలి, పిల్లలు 3-4 గంటల్లో తాగేసేంత మాత్రమే కలపాలి. డోసు ప్యాకెట్ మీద రాసిందే, ఎక్కువేస్తే ఎక్కువ పనిచేస్తది అనేది లేదు. ఇలా మొదటి 5 రోజులు.

పిల్లలు దిగిన రోజు రాత్రి ఒక 20 పిల్లల్ని చేతిలోకి తీసుకుని మెడ కింద తిత్తి నొక్కి చూడండి. మెత్తగా, గంజిలో నానిన ముద్దలా తగిలితే మేత నీళ్లు రెండూ పడ్డట్టు, గట్టిగా గింజల్లా తగిలితే నీళ్లు తాగలేదు, మీరు కలిపిన ప్రోబయోటిక్ కూడా లోపలికి పోలేదు. అప్పుడు బ్రూడర్ (పిల్లలకి వెచ్చదనం ఇచ్చే హీటర్) వేడి, డ్రింకర్ ఎత్తు సరిచూసుకోండి.

మళ్లీ ఎప్పుడంటే, యాంటీబయోటిక్ కోర్సు అయిపోయిన మర్నాటి నుంచి 3-5 రోజులు ఇవ్వాలి, ఎందుకంటే ఆ మందు మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేస్తది. రెండూ ఒకేసారి వద్దు. మేత మార్చేటప్పుడు, అంటే స్టార్టర్ నుంచి ఫినిషర్‌కి పోయేటప్పుడు, బాగా ఎండలు కొట్టేటప్పుడు కూడా రెండు మూడు రోజులు ఇస్తే మంచిది. కొనేటప్పుడు లేబుల్ మీద బ్యాక్టీరియా పేరు, గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క), ఎక్స్‌పైరీ ఈ మూడూ చూడండి, పేరు లేకుండా ఊరికే ప్రోబయోటిక్ అని రాసుంటే నేనైతే తీసుకోను. మేతలో కలిపేదైతే బాసిల్లస్ రకం మేలు, అది విత్తనంలాగా గట్టి పొరలో ఉంటది కాబట్టి పెల్లెట్ మిషన్ వేడికి తట్టుకుంటది, లాక్టోబాసిల్లస్ ఆ వేడికి చచ్చిపోతది, దాన్ని నీళ్లలోనే ఇవ్వాలి. డబ్బా రేకుల కింద పెట్టకండి, ఎండాకాలం అక్కడ మనమే నిలబడలేం.

పెరుగు, మజ్జిగ పోయొచ్చా అని అడుగుతుంటారు. పెరట్లో పది కోళ్లుంటే పల్చటి మజ్జిగ పోయండి, పర్లేదు. షెడ్డులో మాత్రం వద్దు, కోళ్లు ముక్కుతో పొడిచి తాగే నిపుల్ పైపు లైను జిగురు పట్టి మూసుకుపోతది.

పనిచేస్తుందా లేదా అనేది లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊక చెప్తది. మూడో వారంలో డ్రింకర్ కింద కాకుండా షెడ్డు మధ్యలో ఊక గుప్పెడు తీసి పిసకండి, ముద్ద కట్టి వదలగానే విడిపోతే బాగున్నట్టు. ముద్ద అలాగే ఉండిపోతే రెట్టలు నీళ్లగా పడుతున్నాయన్నమాట. రెట్టలో నురగ, అరగని మేత గింజలు, రక్తం కనిపిస్తే అది కాక్సీనో (పేగుకి వచ్చే జబ్బు) ఇంకోటో, ప్రోబయోటిక్‌తో కూర్చోకుండా వెంటనే డాక్టర్‌ని పిలవండి.

మాంసం సంగతికొస్తే, ఇది మాంసానికి రుచి తెస్తది అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. లాభం వేరే దారిలో వస్తది. లిట్టర్ పొడిగా ఉంటే రొమ్ము మీద బొబ్బలు, కాళ్ల కింద పుండ్లు తగ్గుతాయి. కోడికి జబ్బు తగ్గితే చివరి వారంలో యాంటీబయోటిక్ వాడే అవసరం పడదు, మందు అవశేషం తినేవాళ్ల ప్లేటులోకి పోదు. 2019లో కేంద్రం కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ని కోళ్లకీ పశువులకీ వాడకూడదని నిషేధించింది, ఎందుకంటే మనుషులకి ఆఖరి దిక్కుగా ఉన్న మందు అది, కోళ్లలో వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోతది. మా ఇంట్లో పిల్లలు తినేది కూడా ఈ కోడే, అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఉంటా.

లిఫ్టింగ్‌కి, అంటే కోళ్లని కోతకి ఎత్తుకెళ్లడానికి, 6-8 గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం బండి వచ్చేదాకా ఉంచండి. పేగు నిండుగా ఉంటే కోసేటప్పుడు పగిలి మాంసమంతా రెట్ట అంటుకుంటది, 40 రోజులు పడ్డ కష్టం ఆ ఒక్క కోతలో పోతది. బ్యాచ్ ఎత్తేశాక నిపుల్ లైన్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, మంచినీళ్లు బాగా వదిలి లోపలి పాచి మొత్తం పోయాకే కొత్త పిల్లల్ని దించండి.