ఇంట్లో గ్రిల్డ్ స్టేక్ ఫహీటాలు, పక్కన ఫ్రెష్ సల్సా

ఫహీటాలు (కాల్చిన మాంసం రొట్టెలో పెట్టుకుని తినే వంట) అనగానే బుస్సుమని పొగలు కక్కుతూ టేబుల్ మీదకొచ్చే ఇనప పెనమే గుర్తొస్తుంది కానీ అది 1980ల్లో హోటళ్ళు పాపులర్ చేసిన పద్ధతి. అసలు వంట సౌత్ టెక్సాస్ రాంచుల్లో పనిచేసే మెక్సికన్ కౌబాయ్‌లది. పశువుని కోసినప్పుడు వాళ్ళ వాటాకి తల, పేగులు, స్కర్ట్ (పక్కటెముకల కింద, పొట్ట దగ్గరుండే సన్నటి పొడవాటి మాంసం) లాంటివి వచ్చేవి, ఆ స్కర్ట్‌నే నిప్పుల మీద కాల్చి టోర్టియాలో (మెక్సికన్ పల్చటి రొట్టె) పెట్టుకుని తినేవాళ్ళు. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో రెస్టారెంట్ పెట్టి ఇలాంటి కాల్చిన మాంసం టాకోలే అమ్మి ఫేమస్ అయింది. కాబట్టి ఇందులో రుచంతా మాంసం, మంట, కోత, ఈ మూడిట్లోనే ఉంది, మసాలాలో లేదు.

నలుగురికి 900 గ్రాముల స్కర్ట్ స్టేక్ చాలు. మెక్సికన్ మాంసం కొట్లో అవుట్‌సైడ్ స్కర్ట్ అని అడగండి, ఇన్‌సైడ్ కంటే మెత్తగా ఉంటుంది, పైన తెల్లటి పొర ఉంటే తీయించెయ్యండి. ముందే మసాలా పట్టించి ఫహీటా మీట్ అని అమ్మేది మాత్రం వద్దు, లోపల ఏ ముక్క ఉందో తెలీదు.

రెండు లైమ్‌ల రసం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి, చెంచా జీలకర్ర పొడి, చెంచాన్నర ఉప్పు, మిరియాలు, రెండు పెద్ద చెంచాల నూనె, ఇవి కలిపి మాంసానికి పట్టించండి, అంతే. మన చెయ్యి ఊరుకోదు, గరం మసాలా, పెరుగు, అల్లం పేస్టు వైపు పోతుంది, దయచేసి వెయ్యకండి, బొగ్గుల వాసన మొత్తం పోతుంది. రెండు గంటలు నానితే చాలు, రాత్రంతా ఉంచితే పులుపుకి పైభాగం పిండిలా అయిపోతుంది.

ఈలోపు సల్సా. నాలుగు పండిన రోమా టమాటాలు గింజలు తీసి సన్నగా తరిగి, సగం తెల్ల ఉల్లిపాయ, రెండు సెర్రానో మిరపకాయలు (మన పచ్చిమిర్చి అయినా పర్లేదు), గుప్పెడు కొత్తిమీర, లైమ్ రసం, ఉప్పు కలిపి పావుగంట పక్కన పెట్టండి. మిక్సీలో మాత్రం వెయ్యొద్దు, నురగొచ్చి గులాబీరంగు నీళ్ళలా తయారవుతుంది, కత్తితోనే తరగాలి.

ఇప్పుడు గ్రిల్. బొగ్గులు తెల్లబూడిద పట్టేదాకా ఆగండి, మెస్కీట్ (పొగకి మంచి వాసనిచ్చే చెట్టు) కట్టె ముక్క ఒకటి వేస్తే ఇంకా మంచిది. మాంసం మీదున్న తడిని పొడి పేపర్ టవల్‌తో బాగా అద్దెయ్యాలి, తడి ఉంటే కాలదు ఉడుకుతుంది, ఇది సన్నటి ముక్క కదా, పైన నల్లగా కాలేలోపు లోపల ఉడికిపోకుండా ఉండాలంటే మంట మహా జోరుగా ఉండాలి. ఒక్కోవైపు 2 నుంచి 3 నిమిషాలు. మీడియం రేర్ (లోపల ఇంకా ఎర్రగా) అంటే మాంసం మధ్యలో 55 డిగ్రీల సెల్సియస్, అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది మాత్రం 63, తీశాక 3 నిమిషాలు ఆగమని. ఇంట్లో ఎరుపు చూసి మొహం తిప్పుకునేవాళ్ళుంటే 63కి తియ్యండి, అది దాటితే రబ్బరే. గ్రిల్ లేకపోతే ఇనప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, కిటికీలు తెరిచి చెయ్యండి.

తీశాక ఓ ఐదారు నిమిషాలు కదపొద్దు, ఆ టైంలో అదే మంట మీద ఉల్లిపాయ చక్రాలు, క్యాప్సికం కాల్చుకోండి, మైదా టోర్టియాలు నూనె లేకుండా వేడి చేసి బట్టలో చుట్టి పెట్టండి.

కోతే అన్నిటికంటే ముఖ్యం. స్కర్ట్‌లో నార అడ్డంగా, ఒక పొడుగు అంచు నుంచి ఇంకో పొడుగు అంచుకి ఉంటుంది, కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ముందు నారతోపాటే నాలుగంగుళాల ముక్కలు చేసుకుని, ఒక్కోదాన్నీ పక్కకి తిప్పి నారకి అడ్డంగా సన్నగా కొయ్యండి. నార వెంబడి కోస్తే ఎంత మంచి మాంసమైనా నమిలి నమిలి దవడలు నొప్పెడతాయి.

బీఫ్ తిననివాళ్ళకి ఎముక తీసిన చికెన్ తొడ ముక్కలు ఇదే మసాలాతో చెయ్యొచ్చు, కానీ అవి 74 డిగ్రీలకి వచ్చేదాకా మధ్యస్థం మంట మీదే ఉంచాలి.