గోదావరి లాంచీలో సౌండ్ సిస్టమ్ పెట్టుకోవడం: బ్యాటరీ దగ్గర్నుంచి మైకు దాకా

రాజమండ్రి వైపు పాపికొండలు తిప్పే లాంచీలకి, కోనసీమలో తిరిగే చిన్న బోట్లకి సౌండ్ బిగించే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నానండి. ఈ మధ్య సొంతంగా పెట్టుకుంటాం ఎలాగో చెప్పండి అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఫోన్లో చెప్తే సగం ఎక్కుద్ది సగం ఎక్కదు, అందుకని వివరంగా రాస్తున్నాను.

పని మొదలెట్టే ముందు ఒకటి తేల్చుకోండి, ఈ సిస్టమ్ ఎందుకు? పాటలకి అంటారు అందరూ. నా లెక్కలో మాత్రం ముందు మైకు, తర్వాతే పాట. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిపోయింది తలుచుకుంటే ఈ లైన్లో పనిచేసే ఎవరికైనా లైఫ్ జాకెట్ అనౌన్స్‌మెంట్ అంటే ఏదో చదివేసే మాట కాదు. ఇంజన్ తిరుగుతుండగా ఆఖరి వరసలో కూర్చున్న ముసలావిడకి "జాకెట్ తాడు బిగించుకోండి, అందరూ ఒకే పక్కకి రావద్దు" అన్న మాట స్పష్టంగా వినపడాలి. అది వచ్చాక పాట దానంతటదే బాగుంటుంది.

కారుకి పెట్టినట్టే కదా అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. కారులో అద్దాలు బిగించి ఉంటాయి కాబట్టి చిన్న స్పీకరైనా దుమ్ము రేపుద్ది, బోటు డెక్కు మీద సౌండ్ నాలుగు పక్కలా గాల్లో కలిసిపోద్ది. ఆరుబయట దూరం రెండింతలయితే సౌండ్ 6 డెసిబెల్స్ (సౌండ్ కొలిచే లెక్క) తగ్గుద్ది, అదే ఆంప్లిఫైయర్ వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే ముందు రెండు పెద్ద బాక్సులు పెట్టి 2 మీటర్ల దగ్గర 90 వినిపిస్తే 16 మీటర్ల అవతల 72కి పడిపోద్ది, ఇంజనేమో వెనకే ఉంటుంది. ముందు కూర్చున్నోళ్ళు చెవులు మూసుకుంటారు, వెనకోళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని పెద్దవి రెండు కాదు, చిన్నవి ఎనిమిది. రెండు పక్కలా పైకప్పు కింద రెండు మూడు మీటర్లకొకటి, కాస్త కిందికి వంచి మనుషుల తలల వైపు చూసేలా పెట్టండి, నీళ్ళ వైపు కాదు.

పెద్ద లాంచీ అయితే 100 వోల్ట్ లైన్ పద్ధతి మంచిది, అంటే ఆంప్లిఫైయర్ ఎక్కువ వోల్టేజ్‌తో పంపితే ఒక్కో స్పీకర్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గించుకుంటుంది. గుళ్ళలో స్కూళ్ళలో పెట్టే అహూజా లాంటి పీఏ (మైకు సెట్టు) ఆంప్లిఫైయర్లు ఉన్నాయి కదా, అవే, చాలా మోడళ్ళు 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడుస్తాయి. ఒక్కో స్పీకర్ వెనకాల ట్రాన్స్‌ఫార్మర్‌ని 10 వాట్ల ట్యాప్ (ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే కనెక్షన్) మీద పెడితే ఎనిమిదింటికి 80 వాట్లు, 120 వాట్ల ఆంప్లిఫైయర్ హాయిగా లాగుద్ది, పొడుగ్గా సన్న వైరు వేసినా పెద్దగా నష్టం ఉండదు. కాకపోతే ఆ లైన్లో నిజంగానే షాక్ కొట్టేంత వోల్టేజ్ ఉంటుంది, జాయింట్లు ఏవీ పైకి కనపడకూడదు. పది పన్నెండు మంది ఎక్కే చిన్న బోటయితే ఇదంతా అక్కర్లేదు, నాలుగు చానళ్ళ ఆంప్లిఫైయరు, ఆరున్నర అంగుళాల మెరైన్ స్పీకర్లు నాలుగు చాలు. చానల్‌కి రెండేసి స్పీకర్లు కలిపితే 4 ఓములు (స్పీకర్ కరెంటుకి పెట్టే అడ్డు) కాస్తా 2 ఓములవుద్ది, మీ ఆంప్లిఫైయర్ 2 ఓములు తట్టుకుంటుందో లేదో పేపర్ చూసి కలపండి.

ఇక కరెంటు. నేను చూసిన చెడిపోయిన సిస్టముల్లో ఎక్కువ భాగం స్పీకర్ వల్ల కాదు, ఇక్కడే. ఒకసారి ఓ సరంగు (లాంచీ నడిపే ఆయన) ఫోన్ చేసి "బాబూ, కొత్త బ్యాటరీలు వేసి నాలుగు నెల్లు కాలేదు, పొద్దున్నే ఇంజన్ స్టార్టవ్వట్లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే 24 వోల్టుల లాంచీ, రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి. సౌండ్ పెట్టినోళ్ళు ఎవరో ఆ రెండింట్లో ఒక్క దాని మీద నుంచి 12 వోల్టులు లాగేశారు. రెండో బ్యాటరీ మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, నీళ్ళు మరిగిపోయి ప్లేట్లు పైకి తేలి కనపడుతున్నాయి. ఏం జరుగుద్దంటే డైనమో రెండింటికీ ఒకే కరెంటు పంపుద్ది, పాటలు మోసిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు, పక్కది రోజూ ఓవర్‌చార్జ్ అవుద్ది, చివరికి రెండూ పోతాయి. "బాబాయ్, ఇది బ్యాటరీ కంపెనీ తప్పు కాదు, ఈ ఎర్ర వైరు తప్పు" అని చూపిస్తే అప్పుడు నమ్మాడు. 24 వోల్టుల బోటయితే 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టండి, లేదంటే సౌండ్‌కి విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ, దాని చార్జింగ్ దానికి. నేనైతే విడి బ్యాటరీకే ఓటేస్తాను, ఎందుకంటే నది మధ్యలో ఇంజన్ ఆపి రెండు గంటలు పాటలు వేశాక మళ్ళీ స్టార్ట్ కావాలి కదండి. స్టార్టింగ్ బ్యాటరీని సౌండ్ ఎప్పుడూ ముట్టుకోకూడదు.

ఎంత బ్యాటరీ అంటే, చిన్న బోటు సెట్టుకి చానల్‌కి 60 వాట్ల చొప్పున నాలుగు చానళ్ళు 240 వాట్లు, క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫైయర్ నష్టాలు కలుపుకుని 300 వాట్లు అనుకోండి, 12.5తో భాగిస్తే ఫుల్ మీద 24 ఆంపియర్లు. పాట ఎప్పుడూ ఫుల్ మీద ఉండదు, సగటున 8 లెక్కేసుకోండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లని గంటలతో గుణించిన లెక్క) ట్యూబ్యులర్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకుండా వాడితే 75 ఏహెచ్, అంటే తొమ్మిది గంటలు. రోజంతా సరిపోద్ది.

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి ఆంప్లిఫైయర్‌కి 8 మీటర్లుంటే రానూ పోనూ 16 మీటర్లు. అందులో 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే 24 ఆంపియర్ల దగ్గర 1.1 వోల్టులు దార్లోనే పోతాయి, 16 స్క్వేర్ వేస్తే 0.4 మాత్రమే. ఆ 1.1 పోయినప్పుడే బేస్ కొట్టినప్పుడల్లా ఆంప్లిఫైయర్ ఆగి ఆగి పాడుద్ది. చవగ్గా దొరికే రాగి పూత వేసిన అల్యూమినియం వైరు మాత్రం తీసుకోకండి, కోసి చూడండి లోపల తెల్లగా ఉంటే అదే. అంతర్వేది, యానాం వైపు ఉప్పునీటి గాలి తగిలే బోట్లకి తగరం పూసిన రాగి వైరు దొరికితే డబ్బు ఎక్కువైనా అదే వేయండి, మామూలు రాగి అక్కడ తొందరగా లోపల్లోపలే నల్లబడి పొడైపోద్ది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఆంప్లిఫైయర్ మీద ఉన్న ఫ్యూజు ఆంప్లిఫైయర్‌ని కాపాడుద్ది, మధ్యలో వైరు రాసుకుపోయి షార్ట్ అయితే బోటుని కాపాడేది ఈ జానెడు దూరంలో ఉన్న ఫ్యూజే. పైన లెక్కకి 40 ఆంపియర్లది చాలు.

ఇనప లాంచీకి పనిచేసేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, కారులో బాడీకి నెగెటివ్ కొట్టినట్టు లాంచీ బాడీకి కొట్టకండి. అలా చేస్తే కరెంటు ఇనుములోంచి, తడిలోంచి దారి వెతుక్కుంటుంది, నీళ్ళ కింద రేకు తుప్పు తినేస్తుంది, మీకు కనపడేసరికి చిల్లు పడుద్ది. ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి, రెండు వైర్లూ బ్యాటరీ దాకా నడవాలి.

జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఇక్కడ నిలబడదు. డీజిల్ ఇంజన్ వణుకు రోజంతా ఉంటుంది, ఉత్త సోల్డర్ కూడా అంచు దగ్గర విరిగిపోద్ది. సరైన సైజు లగ్గు (వైరు కొనకి వేసే లోహపు ముక్క), గట్టి క్రింపింగ్ (దాన్ని నొక్కి బిగించడం), పైన వేడి చేస్తే ముడుచుకునే స్లీవు. బ్యాటరీ టెర్మినల్‌కి వాజలిన్ రాయండి. వైరు ఆంప్లిఫైయర్‌లోకి వెళ్ళే ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి, వైరెంట జారొచ్చే నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోద్ది, లోపలికి పోదు. ఆంప్లిఫైయర్‌ని బ్యాటరీ పైన పెట్టొద్దు, చార్జింగ్‌లో వచ్చే గ్యాసు మంటకి అంటుకునేది. పెట్రోల్ ట్యాంకు ఉన్న అరలో అసలే వద్దు. గాలి తగిలి, వాన తగలని చోటు, సరంగు క్యాబిన్లో ఛాతీ ఎత్తున గోడకి అయితే చాలా బాగు.

స్పీకర్ కొనేటప్పుడు పేపర్ కోన్ వద్దు, ఒక్క వర్షాకాలంలో మెత్తబడిపోద్ది. ప్లాస్టిక్ కోన్, చుట్టూ రబ్బరు ఉన్నది, డబ్బా మీద ఐపీ65 (దుమ్ము, చిమ్మే నీళ్ళు తట్టుకుంటుందని గుర్తు) అయినా రాసున్నది తీసుకోండి. ఫైబర్ బోటుకి చిల్లు కోసేముందు వెనకాల చెయ్యి పెట్టి తడిమి చూడండి, డీజిల్ పైపో స్టీరింగ్ కేబులో ఉండొచ్చు. అంచుకి సిలికాన్ పూస్తారు కదా, పుల్లటి వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది, న్యూట్రల్ అని రాసున్నదే వాడండి.

స్పీకర్లన్నీ బిగించాక ప్లస్ మైనస్ సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి పెన్సిల్ సెల్ ఒకటి చాలు. ఆంప్లిఫైయర్ దగ్గర ఊడదీసిన వైరు కొనలకి సెల్ ఒక్క క్షణం తాకించండి, టక్ మని చప్పుడొచ్చి కోన్ బయటికి కదలాలి. లోపలికి కదిలితే ఆ ఒక్కటి తిరగబడినట్టు. ఎనిమిదిట్లో ఒక్కటి తిరగబడినా ఆ చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళకి బేస్ మాయమైపోద్ది, ఎంత ఈక్వలైజర్ తిప్పినా రాదు. 100 వోల్ట్ లైన్ స్పీకర్లకి మాత్రం సెల్ పని చెయ్యదు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి వైరు రంగులు చూసే కలపాలి.

ఇప్పుడు ట్యూనింగ్. గెయిన్ నాబ్‌ని (వచ్చే సిగ్నల్‌ని ఆంప్లిఫైయర్‌కి సరిపెట్టేది) వాల్యూమ్ అనుకుని ఫుల్ తిప్పేస్తారు, అందుకే గొంతు చీరుకుపోయినట్టు వస్తుంది, స్పీకర్లు కాలిపోతాయి. ఇలా చేయండి. స్పీకర్ వైర్లు తీసేయండి, ఫిల్టర్లు, బేస్ బూస్ట్ అన్నీ ఆపేయండి, గెయిన్ పూర్తిగా తగ్గించండి. ఫోన్లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి ప్లేయర్ వాల్యూమ్ ముప్పాతిక దాకా తేండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్‌కి తగిలించండి. వాట్లని ఓములతో గుణించి వర్గమూలం తీస్తే మీకు కావాల్సిన వోల్టులు, 60 వాట్లు 4 ఓములకి 240, వర్గమూలం 15.5. మీటర్ 15.5 చూపించేదాకా గెయిన్ మెల్లగా పెంచి ఆపేయండి. 1000 హెర్ట్జ్ టోన్ వాడమని చెప్తుంటారు, మంచి మీటరయితే సరే, చవక మీటర్లు ఆ దగ్గర తప్పు చూపిస్తాయి.

తర్వాత హై పాస్ ఫిల్టర్ (కింది స్వరాలు ఆపేది) 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఆరున్నర అంగుళాల స్పీకర్ ఆరుబయట అంతకంటే కింద పెద్దగా ఏమీ ఇవ్వలేదు, ఉత్తినే కొట్టుకుని కరెంటు తింటుంది. సబ్ ఊఫర్ కావాలంటే సీటు కింద మూలకి నెట్టి, లో పాస్ (పై స్వరాలు ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర.

అసలు ట్యూనింగ్ మాత్రం ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు చేయకండి. ఒడ్డున అమృతంలా ఉన్న సౌండ్ ఇంజన్ ఎత్తగానే పొట్టుపొట్టవుద్ది. బోటు నడిపించి, మామూలుగా వెళ్ళే స్పీడులో, ఒక మనిషిని మైకు దగ్గర కూర్చోబెట్టి మీరు వరస వరసకీ నడుస్తూ వినండి. డీజిల్ ఇంజన్ గోలంతా కింది స్వరాల్లో ఉంటుంది, మైకు చానల్లో 150 హెర్ట్జ్ కింద కోసేయండి, 2000 నుంచి 4000 మధ్య కొంచెం లేపండి, స, శ, త, ప అక్షరాలు విడివిడిగా వినపడతాయి. బేస్ తగ్గించావేంటని ఓనర్లు అడుగుతారు, ఆఖరి వరసలో కూర్చోబెట్టి రెండు రకాలుగానూ వినిపించండి. మైకు కూత పెడితే ముందు మైకుని స్పీకర్ ఎదురు నుంచి వెనక్కి జరపండి, అప్పటికీ పోకపోతే కూత వచ్చే స్వరం ఏదో పట్టుకుని అదొక్కటే తగ్గించండి. మైకు నొక్కగానే పాట దానంతటదే తగ్గే ప్రయారిటీ ఉన్న ఆంప్లిఫైయర్ అయితే అది తప్పకుండా ఆన్ చేయండి, గాభరాలో పాట ఆపే నాబ్ ఎవరికీ దొరకదు. సరంగు క్యాబిన్లో స్పీకర్ పెట్టకండి, ఆయన ఇంజన్ చప్పుడు విని నడుపుతాడు, చప్పుడు మారితే ముందు తెలియాల్సింది ఆయనకే.

ఇంజన్ రేజ్ చేస్తుంటే స్పీకర్లో "కుయ్య్..." మని పెరిగే ఈల వస్తే అది డైనమో నుంచి వస్తోంది. ఆంప్లిఫైయర్‌కి వచ్చే ఆడియో కేబుల్ పీకండి, ఈల ఆగితే ప్లేయర్‌కీ ఆంప్లిఫైయర్‌కీ నెగెటివ్ వేర్వేరు చోట్ల ఉన్నట్టు, రెండూ ఒకే చోటికి తేండి. ఆడియో కేబుల్‌ని పవర్ వైరు పక్కనే కట్టుకుని రాకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. అప్పుడూ పోకపోతేనే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆడియో కేబుల్ మధ్యలో పెట్టి ఆ ఈలని ఆపే చిన్న డబ్బా). కాకినాడ, విశాఖ వైపు సముద్రంలోకి వెళ్ళే బోట్లకి ఇంకో రెండు జాగ్రత్తలు, స్పీకర్ అయస్కాంతం దిక్సూచికి కనీసం మీటరు దూరంలో ఉండాలి, సౌండ్ ఆన్ చేసి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో 16వ చానల్ (ఆపదలో పిలిచేది) విని చూడండి, గరగర పెరిగితే ఆంప్లిఫైయర్ జరపాల్సిందే.

పాపికొండల సందులోకి వచ్చాక వాల్యూమ్ బాగా తగ్గించండి. అది 2008 నుంచి నేషనల్ పార్కు, రెండు పక్కలా కొండలకి తగిలి సౌండ్ తిరిగొస్తుంది, మైకులో మాట కూడా అలుక్కుపోద్ది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ చట్టప్రకారం నిషేధం, ఇసుక తిన్నెల మీద రాత్రి బస ఉండే ట్రిప్పులకి ఇది ముందే చెప్పి ఉంచండి.

వారం తిరిగాక లగ్గుల నట్లన్నీ మళ్ళీ ఒకసారి బిగించండి, వణుకుడికి మొదటి వారంలోనే వదులవుతాయి. రెండు స్పేర్ ఫ్యూజులు, ఒక పెన్సిల్ సెల్ సరంగు దగ్గర డబ్బాలో వేసి, ఫ్యూజు ఎక్కడుందో ఆయన చేతే ఒకసారి తీయించి పెట్టించండి.