తెర మీద చూపు ఎవరిది? (జెండర్ దృష్టితో మీడియా అధ్యయనం: 4వ పాఠం)

గత పాఠంలో తలలు లెక్కపెట్టాం. ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఎవరికి పేరుంది, ఎవరు ఎన్ని సెకన్లు మాట్లాడారు అన్నది పట్టికకెక్కింది. ఆ లెక్క కావలసిందే, కానీ అక్కడే ఆగితే మోసపోతాం. రెండు పాత్రలూ సమానంగా రెండేసి నిమిషాలు తెర మీద ఉండొచ్చు. అయినా ఆ రెండు నిమిషాల్లో ఒకరు చూస్తూ ఉంటారు, ఇంకొకరు కనిపిస్తూ ఉంటారు. ఈ తేడాను పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని ఇంకొకరు సరిచూసుకునేలా రాసిపెట్టుకోవడం ఈసారి పాఠం.

1972లో కళా విమర్శకుడు జాన్ బెర్జర్ యూరప్ తైలవర్ణ చిత్రాలను పరిశీలిస్తూ ఒక మాటన్నాడు: పురుషుడు స్త్రీని చూస్తాడు, స్త్రీ తనను ఎవరో చూస్తున్నారన్న ఎరుకతో తనను తాను చూసుకుంటుంది. మూడేళ్ల తర్వాత సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 'స్క్రీన్' అనే సినిమా అధ్యయన పత్రికలో ఇదే ప్రశ్నను సినిమా ముందు పెట్టింది. సినిమాలో మూడు చూపులుంటాయి అంది: చిత్రీకరించే కెమెరాది, తెరను చూస్తున్న ప్రేక్షకులది, కథలో ఒకరినొకరు చూసుకునే పాత్రలది. మొదటి రెండూ మూడోదాని వెనక దాక్కుంటాయి. మన పని వాటిని విడదీయడం.

మూడు, నాలుగు నిమిషాల సన్నివేశం ఒకటి ఎంచుకోండి. అందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు ముఖ్యులుగా ఉండాలి. పాట వద్దు, పోరాటం వద్దు. అక్కడ షాట్లు (కోత లేకుండా ఏకంగా సాగే ముక్కలు) మరీ పొట్టిగా ఉండి మొదటిసారి చేసేవాళ్లకు చేతికందవు. షాటు సగటున నాలుగైదు సెకన్లుంటే నాలుగు నిమిషాల్లో యాభై, అరవై షాట్లు వస్తాయి. నేర్చుకోవడానికి అవి చాలు.

మొదటిసారి ఎక్కడా ఆపకుండా చూడండి. అయ్యాక మీకు ఏమనిపించిందో రెండు వాక్యాలు రాసి పక్కన పెట్టండి. చివర్లో అవి పనికొస్తాయి. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, షాటు షాటుకూ ఆపుతూ పట్టిక నింపండి. సంగీతం వినిపిస్తూ ఉంటే ఎక్కడ కరగాలో, ఎక్కడ ఉలిక్కిపడాలో అదే చెప్పేస్తుంది, కన్ను దాని వెంట పోతుంది. మూడోసారి తెర కప్పేసి వినండి. ఎవరి మాట మధ్యలో తెగిందో, ఎవరు వచ్చినప్పుడు సంగీతం మారిందో మాత్రం రాసుకోండి.

పట్టికకు ఏడు గడులు సరిపోతాయి: షాటు సంఖ్య, మొదలైన సమయం, నిడివి సెకన్లలో, దూరం (మనిషి మొత్తం కనిపిస్తే లాంగ్, నడుము పైభాగమైతే మిడ్, ముఖమో ఒక భాగమో దగ్గరగా ఉంటే క్లోజప్), ఫ్రేములో ఎవరు, శరీరంలో ఏ భాగం కనిపిస్తోంది, ఈ చూపు ఎవరిది. మొదటి ఆరూ కంటికి కనిపించేవే. తప్పులన్నీ ఏడో గడిలో జరుగుతాయి, కాబట్టి అక్కడ కాస్త నిలబడదాం.

ఒక ఉదాహరణ. ఒక స్త్రీ మెట్లు దిగుతోంది. 17వ షాటు: పాదాలు, మూడు సెకన్లు. 18: నడుము, మెట్ల కమ్మీ మీద జారుతున్న చెయ్యి, రెండు సెకన్లు. 19: ముఖం, కళ్లు కిందికి, రెండు సెకన్లు. 20: గదిలో నిలబడ్డ పురుషుడు, మిడ్ షాటు, తలెత్తి చూస్తున్నాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది 17, 18 షాట్ల ఎదురుగా "అతని చూపు" అని రాసేస్తారు. అది తప్పు. అతను ఆ గదిలో ఉన్నాడని 20వ షాటు దాకా మనకు తెలియనే తెలియదు. పైగా పాదాలంత దగ్గరగా కనిపించే చోట అతను లేడు. ఏడు సెకన్ల పాటు ఆమెను ముక్కలుగా చూసింది కెమెరా, దానితోపాటు మనం. 20వ షాటు వచ్చి ఆ చూపును అతని ఖాతాలో వేసింది. మల్వీ చెప్పిన దాక్కోవడం అంటే ఇదే.

అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఆ షాటుకు ఆనుకుని ముందో వెనకో చూస్తున్న ముఖం ఉండాలి, కెమెరా నిలబడ్డ చోటు ఆ ముఖమున్న చోటుకు కుదరాలి. రెండూ ఉంటేనే "పాత్ర చూపు". ఏ ఒక్కటి లేకపోయినా "కెమెరా చూపు". అనుమానంగా ఉంటే ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోండి, ఊహించి నింపొద్దు.

ఆమెను ఒకలా, అతన్ని ఇంకోలా చూపారనడానికి ఇంతటితో రుజువు పూర్తి కాలేదు. అదే సన్నివేశంలో ఆమె అతన్ని చూసినప్పుడు ఏం జరుగుతోంది? 26వ షాటులో అతను ముఖంతో సహా నిండుగా కనిపించి, శరీరం ఎక్కడా ముక్కలు కాకపోతే అప్పుడు మీ చేతిలో పోలిక ఉన్నట్టు. అతన్నీ అలాగే భుజం, మణికట్టు, మెడ అంటూ కోసి చూపిస్తే మీ వాదన మారాలి. పోలిక లేని పరిశీలన ఎంత బాగా రాసినా అభిప్రాయంగానే మిగులుతుంది.

నిశ్చల చిత్రాలకు, ముఖ్యంగా ప్రకటనలకు, సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1970ల చివర్లో ఇచ్చిన గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి. చేతులు వస్తువును గట్టిగా పట్టుకున్నాయా, ఊరికే తాకుతున్నాయా? ఇద్దరిలో ఎవరు ఎత్తుగా ఉన్నారు, ఎవరు పని చూపిస్తుంటే ఎవరు చూస్తున్నారు? తల ఎటు వాలింది, మోకాలు వంగిందా, చూపు ఎదురుగా ఉందా, ఎటో దూరంగా పోయిందా? అయితే ఆయన తన వాదనకు తగిన చిత్రాలను ఏరి పక్కపక్కన పెట్టాడు, నమూనా తీసుకోలేదు. ఆ పద్ధతి చూపడానికి పనికొస్తుంది, శాతాలు చెప్పడానికి పనికిరాదు. మీకు శాతాలు కావాలంటే ఒక పత్రిక వరుస సంచికలు మూడు తీసుకుని, అందులోని నిండు పేజీ ప్రకటనలన్నీ, నచ్చినవీ నచ్చనివీ, లెక్కలోకి తేవాలి.

ఇప్పుడు మీ పట్టికను పక్కన పెట్టి, అవే షాట్లను ఇంకొకరితో విడిగా నింపించండి. ఇద్దరూ ఎన్నిచోట్ల ఒకటే రాశారో శాతం కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 50 షాట్లున్నాయనుకోండి. ఏడో గడిలో ఇద్దరూ చెరో 5 షాట్లకే "పాత్ర చూపు" అని గుర్తు పెట్టారు. అందులో ఇద్దరికీ కలిసింది ఒక్కటే. మిగతా 41 షాట్లలో ఇద్దరూ "కాదు" అన్నారు. మొత్తం 42 కలిశాయి, అంటే 84 శాతం. చూడ్డానికి బాగుంది. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని ఇదే నిష్పత్తిలో గుర్తులు పెట్టినా 82 శాతం కలుస్తాయి (0.1×0.1 + 0.9×0.9). 1960లో మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా సూత్రం యాదృచ్ఛికంగా కలిసే ఆ భాగాన్ని తీసేస్తుంది: (0.84−0.82) ÷ (1−0.82) = 0.11. అంటే మీ ఇద్దరి మధ్య నిజమైన ఏకీభావం దాదాపు లేనట్టే. మామూలుగా తప్పు మనుషులది కాదు, నిర్వచనానిది. తేడా వచ్చిన ఎనిమిది షాట్లు కలిసి చూసి, నియమాన్ని తిరగరాసి, కొత్త సన్నివేశం మీద మళ్లీ మొదలుపెట్టాలి. పాతదాని మీదే చేస్తే జ్ఞాపకం కలుపుతుంది, నియమం కాదు.

పట్టిక మీద ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు? "దర్శకుడు స్త్రీని వస్తువుగా చూపాలనుకున్నాడు" అని రాయొద్దు, ఉద్దేశం షాటులో కనిపించదు. "ఇది చూసి కుర్రాళ్లు చెడిపోతారు" అనీ రాయొద్దు. సందేశం పంపినవాళ్లు పెట్టిన అర్థాన్ని చూసేవాళ్లు యథాతథంగా తీసుకోవచ్చు, బేరమాడి కొంత తీసుకోవచ్చు, ఎదురు తిరగవచ్చు అని సాంస్కృతిక అధ్యయనకారుడు స్టువర్ట్ హాల్ 1973లోనే చెప్పాడు. అమెరికన్ పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన అధ్యయనంలో ప్రేమ నవలలు చదివే స్త్రీలనే అడిగింది. చదివే ఆ కాసేపూ ఇంటి బాధ్యతల నుంచి తమకంటూ దక్కే సమయమని వాళ్లు చెప్పారు. నవలలు మాత్రమే చదివితే ఆ సంగతి తెలిసేది కాదు. ప్రేక్షకుల గురించి చెప్పాలంటే ప్రేక్షకుల దగ్గరికి వెళ్లాలి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. "స్త్రీ" అని ఒక్క గడి పెట్టి వదిలేయకండి. మల్వీ వాదనలో తెల్లజాతి స్త్రీ ఒక్కతే ఉందని, నల్లజాతి స్త్రీలు తెరను ఎదిరించి చూసే తీరును అది పట్టించుకోలేదని 1992లో నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ ఎత్తి చూపింది. మీ సన్నివేశంలో పనిమనిషి పాత్ర ఉంటే ఆమెకు వేరే వరుస ఇవ్వండి. ఆమెను ఎవరూ ముక్కలుగా చూసి ఉండకపోవచ్చు, అసలు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అదీ రాయవలసిందే.

వచ్చే పాఠానికి: ఒక సన్నివేశం, ఏడు గడుల పట్టిక, ఇద్దరు విడిగా నింపిన 50 షాట్లు, కప్పా విలువ సిద్ధంగా ఉంచుకోండి. మొదటిసారి చూసి రాసిన రెండు వాక్యాలను ఇప్పుడు బయటికి తీసి, పట్టిక ఒప్పుకోని మాట కింద గీత గీయండి. ఆ గీత దగ్గర్నుంచే 5వ పాఠం మొదలవుతుంది.