తుఫాన్ల నెలలకు ముందు హెల్ప్‌డెస్క్ సర్వర్ విషయంలో జాగ్రత్తలు

శ్రీకాకుళంలో ఆఫీసు, టెక్కలి, పలాస, సోంపేటల్లో బ్రాంచీలు ఉండి, వాటన్నిటి సిస్టాలూ ప్రింటర్లూ నెట్టూ చూసుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. కంప్లయింట్లు నమోదు చేయడానికి ఓఎస్‌టికెట్, జమ్మాడ్ లాంటి ఓపెన్ సోర్స్ హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌ని సొంత సర్వర్‌లో నడుపుతుంటే, సెప్టెంబరు సగానికల్లా ఈ పనులు ముగించండి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. గులాబ్ ఇంకా ముందే, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరికి వచ్చేసింది. హెచ్చరిక వచ్చాక చేద్దాంలే అనుకుంటే, ఆ రెండు మూడు రోజులూ బ్రాంచీల ఫోన్లకే సరిపోతాయి.

ముందు బ్యాకప్ సంగతి. ఓఎస్‌టికెట్‌లో టికెట్లన్నీ, అంటే నమోదైన కంప్లయింట్లన్నీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. వేరే ప్లగిన్ పెట్టుకోకపోతే అటాచ్‌మెంట్లూ అందులోనే. అందుకని డంప్, అంటే ఆ డేటాబేస్ మొత్తం కాపీ, తీస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌లో ఉండే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు కూడా కావాలి. అందులోని సీక్రెట్ సాల్ట్ (పాస్‌వర్డులకు తాళంచెవి లాంటి రహస్య అక్షరాల వరస) పోతే డేటాబేస్‌లో దాచిన మెయిల్ పాస్‌వర్డులు ఇక పనికిరావు, అన్నీ మళ్లీ ఇచ్చుకోవాలి. అవి తెలిసిన మనిషి ఫోను ఆ రోజు కలవకపోవచ్చు. జమ్మాడ్‌తో బ్యాకప్ స్క్రిప్టు వస్తుంది కానీ, మనం మార్చకపోతే ఆ కాపీ అదే సర్వర్‌లో పడి ఉంటుంది. సర్వర్ తడిస్తే రెండూ పోతాయి.

కాపీని విశాఖలో పెట్టి నిశ్చింతగా ఉండకండి. హుద్‌హుద్ విశాఖతో పాటు విజయనగరాన్నీ శ్రీకాకుళాన్నీ కలిపే కొట్టింది. హైదరాబాదులోనో క్లౌడ్‌లోనో ఇంకో కాపీ ఉండాలి, దానికి పాస్‌వర్డు ఉండాలి. టికెట్లలో జనం ఫోన్ నంబర్లే కాదు, ఒక్కోసారి లాగిన్ వివరాలు కూడా రాసేస్తారు.

ఆ కాపీని ఒక్కసారైనా వేరే ల్యాప్‌టాప్‌లో, అదే వెర్షన్ వేసి, తెరిచి చూడండి. పాత టికెట్ ఒకటి తీసి అందులోని ఫొటో కనిపిస్తోందో లేదో చూడండి. అది కనిపించాకే బ్యాకప్ ఉందని నమ్మాలి. ఆ ల్యాప్‌టాప్‌ని నెట్‌కి కలపకుండానే ఈ పని చేయాలి. లేదంటే రెండు సర్వర్లూ ఒకే మెయిల్‌బాక్స్‌లోంచి ఉత్తరాలు లాక్కుంటాయి, బ్రాంచివాళ్లకి తప్పుడు జవాబులు వెళ్తాయి.

మెయిల్ సెట్టింగ్ ఇంకొకటి ఉంది, దీన్ని నేను చాలా ముఖ్యమనుకుంటాను. ఓఎస్‌టికెట్‌లో, తీసుకున్న మెయిల్‌ని డిలీట్ చేయమని పెట్టి ఉంటే, వేరే ఫోల్డర్‌లోకి జరపమని మార్చండి. సర్వర్ పోయి వారం కిందటి బ్యాకప్ ఎక్కించాల్సి వస్తే, ఆ వారం కంప్లయింట్లు కనీసం మెయిల్‌బాక్స్‌లో దొరుకుతాయి. మెయిల్‌బాక్స్ మాత్రం అదే సర్వర్‌లో ఉండకూడదు.

ఈ నెలల్లో కొత్త వెర్షన్‌కి వెళ్లొద్దు. సర్వర్‌ని నేల మీద నుంచి తీసి, కిటికీకి దూరంగా ఎత్తులో పెట్టండి. గాలి మొదలవకముందే మామూలుగా షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయండి. యూపీఎస్ ఉంది కదా అని చివరి నిమిషం దాకా లాగొద్దు.

ఆ తర్వాత కొన్నాళ్లు హెల్ప్‌డెస్క్ అంటే పుస్తకమే. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. పెండింగ్ టికెట్ల జాబితా, బ్రాంచి ఫోన్ నంబర్లు ముందే ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. బ్రాంచి, ఫోను, ఏ సామాను, తడిసిందా, ఎప్పుడు చెప్పారు అనే గడులతో ఒక రిజిస్టరు కూడా గీసి ఉంచండి.

కరెంటు రాగానే అసలు వరద మొదలవుతుంది. "అన్నా, లైట్లొచ్చాయి గానీ సిస్టం లేవట్లేదు" అని అందరూ ఒకేసారి అడుగుతారు. అందుకే మూయాల్సిన పాత టికెట్లు ముందే మూసేయండి. తుఫాను నష్టం అని హెల్ప్ టాపిక్ (కంప్లయింట్ రకం) ఒకటి విడిగా పెట్టండి. గడువు దాటిన టికెట్లకి వెళ్లే అలర్టులు కొద్ది రోజులు ఆపేయండి, లేకపోతే పాతవన్నీ ఒకేసారి గడువు దాటి అందరి ఫోన్లూ మోగుతూనే ఉంటాయి. పంపాల్సిన జవాబు తెలుగులో ముందే రాసి పెట్టుకోండి: "తడిసిన సిస్టం, ప్రింటర్, యూపీఎస్ ఆన్ చేయకండి. ప్లగ్ తీసి ఉంచండి. మా మనిషి వచ్చి చూస్తారు." తడిసినదాన్ని ఆన్ చేస్తే బాగుచేయగలిగింది కూడా కాలిపోతుంది, చేసినవాళ్లకి షాక్ కొట్టొచ్చు కూడా.

రిజిస్టరులో రాసినవాటిని తర్వాత ఒక్కొక్కటిగా టికెట్‌లోకి ఎక్కించేటప్పుడు వాళ్లు ఫోన్ చేసిన అసలు తేదీ, వేళ నోట్‌లో రాయండి. తడిసిన సామాను ఫొటోలు, సీరియల్ నంబర్లు కూడా జతచేయండి. ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్‌కి కావాల్సినవి అవే.