సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: స్టాక్ బండి కొనాలా, మార్పులు చేసిన బండి కొనాలా?

రేణిగుంట రోడ్డు వైపు మాది అలైన్‌మెంట్ షాపు. స్కానర్ పెట్టుకుని కార్ల ఎలక్ట్రికల్ పని కూడా చూస్తాను. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు కుర్రాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో ఒక బండి చూసుకుని, ఫొటోలు నా ఫోన్‌కి పంపి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, స్టాక్ బండి, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి కొని మనమే చేయించుకుంటే మేలా? అన్నీ చేసి పెట్టిన బండి కొంటే మేలా?"

నా మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడే ఉండి రోజూ బండి వాడుకునేవాళ్లకి స్టాక్ బండే మంచిది. మార్పులు చేసిన బండి కొనాలంటే మూడు ఉండాలి. ఆ పనులు చేయించిన మనిషే అమ్ముతుండాలి. ప్రతి పార్టుకీ బిల్లు చూపించాలి. విప్పి పక్కన పెట్టిన ఒరిజినల్ పార్టులు బండితో పాటు ఇవ్వాలి. ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ బండి వదిలేయండి, ఇంకొకటి దొరుకుతుంది.

డబ్బు లెక్క ఒక్కటే చూస్తే చేసి పెట్టిన బండే చవక. ఎగ్జాస్ట్, షాకబ్జార్బర్లు, పెద్ద బ్రేకులు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచడం) అని లక్షలు పోసినవాడికి అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగి రాదు. ఆ నష్టం కొనేవాడికి లాభం. అందుకే కుర్రాళ్లు టెంప్ట్ అవుతారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ పార్టులతో పాటు, వాటితో బండిని ఎలా తోలారన్నది కూడా మన ఇంటికి వస్తుంది. దానికి బిల్లు ఉండదు.

మన వైపు స్పోర్ట్స్ కారు అంటే చాలామందికి పోర్షే కాదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, స్కోడా ఆక్టేవియా 1.8, కొంచెం డబ్బున్నవాళ్లకి ఆక్టేవియా వీఆర్ఎస్, పాత ఇష్టం ఉన్నవాళ్లకి ఫియట్ వాళ్ల అబార్త్ పుంటో. ఒక్కో బండిలో బలహీనత ఒక్కోచోట ఉంటుంది, అది తెలియకుండా ట్యూన్ గురించి మాట్లాడుకోవడం దండగ.

పోలో జీటీ టీఎస్ఐ 1.2నే తీసుకోండి. కంపెనీ ఇచ్చింది 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. గేర్‌బాక్సేమో ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది, ఆ క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు. అది 250 ఎన్ఎం వరకు తట్టుకునేలా తయారైంది. అంటే రీమ్యాప్ చేసినా కొంత జాగా ఉంటుంది. ఆక్టేవియా 1.8 టీఎస్ఐకి అదే గేర్‌బాక్స్, కానీ కంపెనీ నుంచే 250 ఎన్ఎంతో వచ్చింది. హద్దు దగ్గరే నిలబడి ఉన్న బండి అది. దాన్ని స్టేజ్ వన్ (మొదటి స్థాయి రీమ్యాప్) చేశామని సంబరంగా చెబుతున్నారంటే, ఆ రోజు నుంచి క్లచ్ ప్యాక్ హద్దు దాటి పనిచేస్తోందని అర్థం. 2017లో వచ్చిన వీఆర్ఎస్ వేరు. దానికి క్లచ్‌లు ఆయిల్‌లో ఉండే ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ, 230 పీఎస్, 350 ఎన్ఎం కంపెనీవే. ఎక్కువ పవర్ కావాలనుకునేవాడు స్టాక్ 1.8 కొని గేర్‌బాక్స్‌ని ఏడిపించే బదులు, ఆ డబ్బు కూడబెట్టి స్టాక్ వీఆర్ఎస్ కొనుక్కోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను.

అబార్త్ పుంటో అంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. 1.4 టర్బో, 145 హార్స్ పవర్, చేత్తో వేసే గేర్లు, స్టీరింగ్‌లో రోడ్డు తెలుస్తుంది. కానీ 2019కల్లా ఫియట్ కార్ల అమ్మకం ఇక్కడ ఆగిపోయింది. అందుకని ఆ బండిలో మార్పుల సంగతి తర్వాత, ముందు దాని మామూలు పార్టులు ఎక్కడ తెప్పించుకుంటారో ఆలోచించుకోవాలి.

ఇక మన ఎండ. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి చల్లన. అక్కడ చల్లటి పొద్దున ట్యూన్ చేసి, రీడింగులు చూసి బాగుందన్న బండి మే నెలలో మన లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడితే పరిస్థితి వేరు. మనకి 40 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే నాకింగ్, అంటే లోపల పెట్రోల్ అదుపు తప్పి మండడం, మొదలవుతుంది, ఇంజిన్‌ని కాపాడుకోవడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అక్కడే పవర్ పోతుంది. కాబట్టి చేసి పెట్టిన బండి అయితే మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్ పవర్?" అని కాదు. "ఏ పెట్రోల్‌కి ట్యూన్ చేశారు, ఇంటర్‌కూలర్ మార్చారా?" అని అడగండి. టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే గాలిని చల్లబరిచేది ఇంటర్‌కూలర్. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం; ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ మీద రాసిన మ్యాప్‌తో తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసి నడిపితే అదే నాకింగ్. ప్రీమియం పెట్రోల్ మీ ఇంటి దగ్గరి బంకులో రోజూ దొరుకుతుందో లేదో బేరం ఆడకముందే కనుక్కోండి. పలమనేరులోనో పీలేరులోనో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ట్యూనర్ దూరం కూడా లెక్కలోకి వస్తుంది. బెంగళూరులో చేయించిన రీమ్యాప్‌లో తేడా వస్తే మొగిలి ఘాట్ ఎక్కి మళ్లీ అక్కడికే పోవాలి. మనమే చేయించుకుంటే కనీసం ఏం చేశారో, ఎవరు చేశారో తెలుసు. వేరేవాడు చేయించినదైతే ఆ ట్యూనర్ ఎవరో, ఇప్పుడు పని చేస్తున్నాడో లేదో కూడా తెలియదు.

చూసేటప్పుడు ఏం చూడాలన్నది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే జనం ఇక్కడే తొందరపడతారు.

అమ్మేవాళ్లకి ముందు రోజే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే చైన్ చప్పుడు, పొగ, ఐడిల్‌లో వణుకు బయటపడతాయి. తాళం ఆన్ చేసి ఆగండి. ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, ఏబీఎస్ లైటు వెలిగి ఆరాలి. ఆరకపోతే జబ్బు ఉన్నట్టు. అసలు వెలగకపోతే జబ్బును దాచినట్టు, అది ఇంకా చెడ్డది.

తర్వాత టైర్లు. ఇది నా రోజూ పని కాబట్టి నా మాట నమ్మండి. మా షాపుకి ఒక పోలో వచ్చింది, స్ప్రింగులు మార్చి కిందికి దించినది. బయట నుంచి చూస్తే టైర్ల గీతలు లోతుగా, దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. చక్రం ఒక పక్కకి తిప్పించి, లోపలి అంచు మీద చెయ్యి పెట్టి తడిమితే రబ్బరు అరిగిపోయి తీగలు వేలికి తగిలాయి. బండి దించాక అలైన్‌మెంట్ మళ్లీ చేయించలేదు, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోయింది, లోపలి అంచు మాత్రమే రోడ్డును గీరుకుంటూ వచ్చింది. దాని వెనకే యాక్సిల్ బూట్ (గ్రీజు బయటికి రాకుండా ఉండే రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజు చక్రం లోపల అంతా చిమ్మి ఉంది. ఆ టైరుతో ఆ అబ్బాయి హైవే మీద చెన్నై నుంచి వచ్చాడు. అందుకే స్టీరింగ్ పూర్తిగా తిప్పించి లోపలి అంచులు నాలుగూ చేత్తో తడమనిదే అడ్వాన్స్ ఇవ్వకండి. టైరు పక్కన నాలుగంకెల తయారీ వారం, సంవత్సరం కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. అలాంటి టైర్ల ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

వైరింగ్ చూడాలంటే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి. బూస్ట్ గేజ్ (టర్బో ఒత్తిడి చూపే మీటరు), లైట్లు, యాంప్లిఫయర్ పెట్టినవాళ్లు కనెక్షన్ తీసేది అక్కడే. ఫ్యూజ్ వేసి, స్లీవ్ తొడిగి, క్లిప్పులతో కట్టిన వైరు కనిపిస్తే ఆ పని చేసినవాడు మిగతావి కూడా బాగానే చేసి ఉంటాడు. ఇన్సులేషన్ టేపు ఎండకి కరిగి జిగురు కారుతూ, ఫ్యూజ్ లేకుండా వైరు నేరుగా బ్యాటరీకి కట్టి ఉంటే ఇక ఇంజిన్ పని కూడా అలాగే ఉంటుందని నేను అనుకుంటాను.

స్కానర్ తప్పకుండా పెట్టించండి. ఎర్రర్లు లేవని తృప్తి పడొద్దు. రెడీనెస్ మానిటర్లు, అంటే ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడండి. అన్నీ పూర్తి కాలేదని చూపిస్తే, మీరు రాకముందే ఎర్రర్లు తుడిచేశారేమో అని అనుమానించాలి. చాలా బండ్లలో ఈసీయూని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్న (కొత్త ప్రోగ్రాం ఎక్కించారన్న) లెక్క కూడా కనిపిస్తుంది. "స్టాక్ బండి సార్" అని అమ్మేదాంట్లో ఆ లెక్క ఎక్కువగా ఉంటే, రీమ్యాప్ చేసి, వాడి, మళ్లీ వెనక్కి మార్చి అమ్ముతున్నారేమో అడగాలి. సర్వీస్ సెంటర్ అప్‌డేట్ వల్ల కూడా అది పెరుగుతుంది కాబట్టి సర్వీస్ రికార్డుతో పోల్చి చూడండి. స్టాక్ బండి కొనేవాళ్లు అందరికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే.

నడిపేటప్పుడు మాన్యువల్ అయితే నాలుగో గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజిన్ అరిచి బండి వేగం పెరగకపోతే క్లచ్ పోయింది. డీఎస్‌జీ అయితే ట్రాఫిక్‌లో పాకించండి. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు ఉండకూడదు.

చెన్నై బండి అయితే నీళ్లలో మునిగిందా అని చూడకుండా రావద్దు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో అక్కడ వచ్చిన వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. 2021 నవంబరులో మన తిరుపతిలోనూ అదే జరిగింది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద మరక ఉంటుంది. స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల కింద తుప్పు చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి.

ఇప్పుడు కాగితాలు. మార్పులు చేసిన బండిలో చట్టం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. ఆ మార్పు పాత ఓనరు చేయించినా రోడ్డు మీద ఆపేది మిమ్మల్నే. ఆర్‌సీలో ఉన్న రంగు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదవాటితో కలవాలి. ఇంజిన్ మార్చి ఆర్‌సీలో రాయించని బండి ఎంత బాగున్నా నేను కొనమని చెప్పను. ఒరిజినల్ సైలెన్సర్ బండితో పాటు రావాలని అన్నది కూడా ఇందుకే.

పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఓనరు మార్పుకి 29, 30, లోను ఉంటే అది తీరిందని 35 తీసుకోండి. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ కట్టి మన రాష్ట్రం నంబరు తీసుకోవాలి. స్లాబు బండి ధర, వయసు బట్టి ఉంటుంది కాబట్టి ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి ధరకి కలుపుకోండి. కర్ణాటక బండి చవకగా కనిపించేది ఇది కలపనంత వరకే. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. మార్పులు ఏమున్నాయో కంపెనీకి రాసి ఇవ్వండి. చెప్పకుండా దాస్తే డ్యామేజీ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

స్టాక్ బండి కొన్నారనుకుందాం. డబ్బు ఏ వరుసలో పెట్టాలి? మొదట ఆయిల్, ప్లగ్గులు, కూలెంట్, మంచి టైర్లు. వెంటనే బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 155 దగ్గరే మరిగిపోవచ్చు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లో బ్రేకు తొక్కుతూ వచ్చేవాళ్లకి ఆ తేడా పెడల్ కిందే తెలుస్తుంది. డీఎస్‌జీ ఉన్నా మాన్యువల్‌లో పెట్టి చిన్న గేర్లో దిగండి. ఘాట్ రోడ్డు మాత్రం బండి సత్తా చూసుకునే చోటు కాదు, భక్తులు, పిల్లలు, బస్సులు వచ్చే దారి అది. గట్టిగా తోలాలని ఉంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, అక్కడ ట్రాక్ డే పెట్టినప్పుడు డబ్బు కట్టి వెళ్లండి.

ఆ తర్వాత ఒక వేసవి మొత్తం స్టాక్‌గానే నడపండి. కూలెంట్ తగ్గుతోందా, ఆయిల్ తాగుతోందా, గేర్‌బాక్స్ వేడికి విసుగు చూపిస్తోందా అన్నీ తెలిసిపోతాయి. మే నెల దాటిన బండికి ఇంటర్‌కూలర్ వేయించి, ఆ పైన రీమ్యాప్ చేయించండి. పని మొదలుపెట్టే ముందు స్టాక్ ఫైలు (ఈసీయూలోని కంపెనీ ప్రోగ్రాం) కాపీ ఇస్తారా అని ట్యూనర్‌ని అడగండి. ఇవ్వనంటే వేరే ట్యూనర్‌ని చూసుకోండి. విప్పిన ప్రతి పార్టునీ మీ ఇంటికే తెచ్చుకుని, బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.